పురుగులు తినే మొక్కల పెంపకం: నెల్లూరు, ప్రకాశం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వీనస్ ఫ్లైట్రాప్ తెచ్చుకుని, మూడు నెలలు తిరక్కుండానే నల్లబడిన కాడలు చూసుకుంటూ "దీనికి ఏం తక్కువ చేశాం?" అని అడిగేవాళ్లే ఎక్కువ. చాలాసార్లు తక్కువేమీ చేసి ఉండరు, ఎక్కువే చేసి ఉంటారు. ఎర్రమట్టి, పిడికెడు వర్మీకంపోస్టు, పూటపూటా బోరు నీళ్లు, ఆదివారం ఓ చికెన్ ముక్క. గులాబీకి చేసే మర్యాదలు దీనికి చేస్తే బతకదు. కింది జవాబులు మన ఎండల్ని, మన నీళ్లని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఊటీలోనో బెంగళూరులోనో పెంచేవాళ్ల లెక్కలు ఇక్కడ పనికిరావు.

మొక్కకి పురుగులు తినాల్సిన అవసరం ఏమొచ్చింది?

వీనస్ ఫ్లైట్రాప్ సొంతూరు అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాల తీరప్రాంతం. అక్కడి బురద నేలలో ఇసుక, కుళ్లిన నాచు తప్ప సారం ఉండదు. నత్రజని, భాస్వరం దొరకని చోట బతకాలి కాబట్టి ఆకునే బోనుగా మార్చుకుంది. శక్తి మాత్రం అన్ని మొక్కల్లాగే ఎండ నుంచే వస్తుంది. పురుగు దానికి అన్నం కాదు, ఎరువు.

ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. సారంలేని నేలకి అలవాటుపడిన వేళ్లు ఉప్పుల్ని, ఎరువుల్ని తట్టుకోలేవు. మామూలు మొక్కకి బలమిచ్చేదే దీని వేళ్లని మాడ్చేస్తుంది.

బోరు నీళ్లు పోయొచ్చా? మేం తాగే నీళ్లేగా?

పోయకూడదు. మనం తాగగలగడం వేరు, ఈ మొక్క తట్టుకోవడం వేరు. నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్కని టీడీఎస్ అంటారు, పీపీఎంలలో, అంటే లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములని, కొలుస్తారు. ఈ మొక్కలకి 50 లోపు ఉంటే నిశ్చింత. 100 దాకా కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. మన బోర్లలో 500 దాటడం మామూలే, వెయ్యి దాటిన ఊళ్లూ ఉన్నాయి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. సముద్రం దగ్గరి ఊళ్లలో నోట్లో పోసుకుంటేనే తెలుస్తుంది ఉప్పదనం.

బోరు నీళ్లు పోస్తే మొక్క మర్నాడే చావదు, అదే ఇబ్బంది. నీళ్లు ఆవిరై పోతాయి, ఉప్పు కుండీలోనే ఉండిపోతుంది. నాలుగైదు వారాలకి కుండీ అంచున తెల్లటి పొక్కు కడుతుంది, కొత్త ఆకులు చిన్నవై వంకరపోతాయి, ఆ తర్వాత నడిమి మొగ్గ నల్లబడుతుంది. అప్పటికి ఎండ వల్లేమో అనుకుంటారు.

కాచి చల్లార్చిన నీళ్లు పోస్తే?

ఇంకా నష్టం. కాచితే నీళ్లు తగ్గుతాయి, ఉప్పు తగ్గదు. వడగట్టినా, ఎండలో పెట్టినా, పటిక వేసినా ఉప్పులు పోవు.

మరి ఏ నీళ్లు?

అన్నిటికన్నా మంచివి వాన నీళ్లు. తర్వాత ఆర్వో నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు, బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్.

ఇంట్లో ఆర్వో మిషను ఉన్నవాళ్లు ఒకటి చూసుకోవాలి. చాలా మిషన్లలో రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలిపే గొట్టమో, టీడీఎస్ పెంచే స్క్రూనో ఉంటుంది. దానివల్ల 30 రావాల్సిన నీళ్లు 120తో బయటికొస్తాయి. ఆర్వో వదిలేసే వృథా నీళ్లు మాత్రం పొరపాటున కూడా పోయొద్దు, అందులో ఉండేది వడకట్టి పారేసిన ఉప్పే.

ఊళ్లో ఇరవై లీటర్ల క్యాన్లలో దొరికే ప్లాంటు నీళ్లని 'మినరల్ వాటర్' అంటాం. పేరు చూసి భయపడక్కర్లేదు, పేరు చూసి నమ్మనూ కూడదు. ఒక ప్లాంటులో 25 ఉంటుంది, పక్కవీధి ప్లాంటులో 140 ఉంటుంది, అదే ప్లాంటులో ఫిల్టరు పాతబడితే వచ్చే నెలకి మారిపోతుంది. అందుకే పెన్నులాంటి టీడీఎస్ మీటరు కొనుక్కోండి. రెండు మూడు వందల్లో వస్తుంది. మొక్క కన్నా ముందు కొనాల్సిన వస్తువు ఇదే. గ్లాసులో నీళ్లు పోసి, కొన ముంచి, బుడగలు పోయేలా ఒకసారి కదిపి, అంకె నిలకడగా ఆగాక చదవాలి. క్యాన్ మార్చినప్పుడల్లా ఒకసారి చూడండి.

ఏసీ నీళ్లు మే నెలలో బకెట్లకి బకెట్లు వస్తాయి, మొక్కకి నీళ్లు ఎక్కువ కావాల్సిందీ అప్పుడే. సర్వీసు చేయించాక మందు వాసన పోయేదాకా, రెండు మూడు రోజులు ఆ నీళ్లు వదిలేయండి.

వాన నీళ్లు ఎంత పట్టాలి, ఎలా పట్టాలి?

మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఏడాదికి సరిపడా నీళ్లు ఆ మూడు నెలల్లోనే పట్టుకోవాలి. లెక్క తేలిక: ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మిద్దె మీద రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు టార్పాలిన్ వాలుగా కట్టి కింద డ్రమ్ము పెడితే, 50 మిల్లీమీటర్ల వానకి 200 లీటర్ల డ్రమ్ము నిండిపోతుంది. వాయుగుండం పట్టిందంటే ఒక్క పగట్లో పని అయిపోతుంది.

మొదటి పది నిమిషాల వాన వదిలేయండి, అది దుమ్ము కడుక్కుపోతుంది. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము వాడండి. అందులో ఇంతకుముందు రసాయనాలు ఉండి ఉంటే అసలు వద్దు. సిమెంటు తొట్టిలో గానీ సంపులో గానీ నిల్వ చేస్తే వాన నీళ్లలోకి సున్నం దిగుతుంది. మూత బిగించి, వెలుతురు తగలని మూల పెడితే పాచి పట్టదు, దోమ పుట్టదు.

నాలుగంగుళాల కుండీ ఒకటి ఎండాకాలంలో రోజుకి సుమారు 100 నుంచి 150 మిల్లీలీటర్లు తాగుతుంది. ఐదు కుండీలున్నవాళ్లకి ఒక డ్రమ్ము ఎండాకాలాన్ని దాటించేస్తుంది.

మట్టి ఏది వాడాలి?

మట్టి వాడకూడదు. ఎర్రమట్టి, చెరువు మట్టి, ఎరువు కలిపిన పాటింగ్ మిక్స్, ఏదీ వద్దు. కావాల్సింది స్ఫాగ్నమ్ పీట్‌మాస్ (కుళ్లిన నాచు పొడి, పొట్టిగా పీట్) రెండు పాళ్లు, పెర్లైట్ (తేలికపాటి తెల్ల రాతి గుళికలు) ఒక పాలు. నాలుగంగుళాల కుండీకి అంతా కలిపి ముప్పావు లీటరు సరిపోతుంది. పీట్‌మాస్ సంచి మీద 'ఎరువు కలిపినది' అన్న అర్థం వచ్చే మాట ఏది కనిపించినా పక్కన పెట్టేయండి. నర్సరీల వాళ్లు నారు పోయడానికి వాడే రకాల్లో తరచుగా ఎరువు కలిపి ఉంటుంది.

పొడి పీట్‌మాస్ మీద నీళ్లు పోస్తే తామరాకు మీద పోసినట్టు జారిపోతాయి. బేసిన్‌లో వేసి గోరువెచ్చని ఆర్వో నీళ్లు కొంచెం కొంచెంగా చల్లుతూ చపాతీ పిండిలా పిసకాలి. పిడికెడు తీసి నొక్కితే వేళ్ల సందుల్లోంచి నాలుగు చుక్కలు రాలాలి, ధార కారకూడదు. ఆ పదునుకి వచ్చాక పెర్లైట్ కలపండి. పెర్లైట్‌ని ముందే తడిపితే దుమ్ము ముక్కుల్లోకి పోదు.

ఇసుక కలపాలనుకుంటే కడిగిన సిలికా ఇసుక. ఏటి ఇసుకైతే గుప్పెడు తీసి నిమ్మరసం పిండండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు. సముద్రపు ఇసుక ఎన్నిసార్లు కడిగినా వద్దు, గవ్వల పొడి పోదు.

కుండీ ప్లాస్టిక్‌ది, కనీసం ఐదారంగుళాల లోతుది. మట్టి కుండీ చల్లగా ఉంటుంది గానీ దానిలోంచి ఉప్పులు దిగుతాయి.

కొబ్బరి పీచు పొడి మనకి చవగ్గా దొరుకుతుంది కదా?

దొరుకుతుంది, కానీ అందులో సోడియం, పొటాషియం ఎక్కువ. వాడక తప్పదంటే ఆర్వో నీళ్లలో ఒక రోజు నానబెట్టి, పిండి, ఆ పిండిన నీళ్ల టీడీఎస్ చూడండి. మొదటిసారి వందల్లో వస్తుంది. 50కి దిగేదాకా ఇదే పని. దానికయ్యే నీళ్ల లెక్క వేసుకుంటే పీట్‌మాసే చవక. కడిగిన కొబ్బరి డొప్ప ముక్కలు మాత్రం నెపెంథిస్‌కి బాగానే పనికొస్తాయి.

మొదటిసారి పెంచేవాళ్లకి ఏ మొక్క మంచిది?

అందరూ ఫ్లైట్రాప్ కోసమే వస్తారు. మా సలహా మాత్రం నెపెంథిస్, అంటే కూజా మొక్క. పల్లపు ప్రాంతాల వేడికి, ఉక్కకి పుట్టిన రకాలు అందులో ఉన్నాయి. నెపెంథిస్ వెంట్రాటా, మిరాండా లాంటి సంకర రకాలు, మిరాబిలిస్ మన నెల్లూరు, కావలి, ఒంగోలు తీరపు గాలికి సర్దుకుంటాయి. వీటికి చలికాలపు నిద్ర అక్కర్లేదు.

రెండోది డ్రోసెరా బర్మానీ. రూపాయి బిళ్లంత ఉంటుంది, ఆకుల మీద జిగురు చుక్కలు మంచుబిందువుల్లా మెరుస్తాయి. ఆయుష్షు తక్కువే, కానీ తన గింజలు తనే రాల్చుకుని కుండీ అంతా మొలుస్తుంది. నెట్‌లో అందరూ మెచ్చుకునే డ్రోసెరా కేపెన్సిస్ దక్షిణాఫ్రికాది, 35 డిగ్రీలు దాటితే నీరసిస్తుంది. చలికాలంలో బాగుంటుంది, మేలో ఏడిపిస్తుంది.

ఫ్లైట్రాప్ మూడోది. పెంచలేమని కాదు, దానికి ఫ్రిజ్‌లో చోటు కావాలి, ఆ సంగతి కింద చెప్పాం. కనిగిరి, మార్కాపురం, ఉదయగిరి వైపు పొడిగాలి ఎక్కువ కాబట్టి నెపెంథిస్ కూజాలు కట్టడం కష్టం, అక్కడ డ్రోసెరాతో మొదలుపెట్టడం మేలు.

ఎండ ఎంత కావాలి?

పుస్తకాల్లో 'ఆరు గంటల నేరుటెండ' అని ఉంటుంది. ఆ మాట మన దగ్గర నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్షరాలా పాటించండి. మార్చి నుంచి ఉదయం పదింటి దాకా మాత్రమే ఎండ, తర్వాత 50 శాతం గ్రీన్ నెట్ కింద. రోహిణి కార్తెలో తూర్పు గోడ పక్కకి చేర్చండి. పడమటి నుంచి వచ్చే వడగాలి తగలకపోవడం ఎండ తగలకపోవడం కన్నా ముఖ్యం. ఒక్క మధ్యాహ్నం వడగాలిలో ఉంటే డ్రోసెరా జిగురంతా ఎండిపోతుంది, నెపెంథిస్ కూజాల మూతులు కాగితంలా ముడుచుకుపోతాయి.

చీకటి గదిలో టీవీ పక్కన పెడితే ఆకులు పొడుగై, లేతపచ్చగా, ఫ్లైట్రాప్ నోళ్లు (పురుగుని పట్టే బోన్లు) చిన్నగా వస్తాయి. లోపలే పెంచాలంటే తెల్లటి ఎల్‌ఈడీ దీపం 20 వాట్లది మొక్కకి జానెడు పైన, రోజుకి 12 నుంచి 14 గంటలు.

మిద్దె మీద కుండీలు పొయ్యి మీద పెట్టినట్టు కాగిపోతున్నాయి. ఏం చేయాలి?

ఆకు తట్టుకునే వేడిని వేరు తట్టుకోలేదు. నల్ల కుండీని కాంక్రీటు మీద నేరుగా పెడితే లోపల పీట్ కూడా కాగుతుంది. చేపల మార్కెట్లో ఐస్ వేసి పంపే తెల్ల థర్మోకోల్ పెట్టెలు దొరుకుతాయి, కుండీలు అందులో పెట్టండి. పెట్టెను ముందు బాగా కడగాలి: సబ్బు లేకుండా మూడుసార్లు పంపు నీళ్లతో, చివర ఒకసారి ఆర్వో నీళ్లతో. రొయ్యల పెట్టె అయితే ఇంకోసారి. ఆఖరి కడుగు నీళ్లకి మీటరు పెట్టి చూస్తే ఉప్పు పోయిందో లేదో తెలిసిపోతుంది. అడుగున రెండు సెంటీమీటర్ల నీళ్లు నిలబెట్టి కుండీలు దించితే గోడలు వేడిని ఆపుతాయి, నీళ్లు వేళ్లని చల్లగా ఉంచుతాయి. పెట్టె కింద రెండు ఇటుకలు మరవొద్దు.

కుండీ కింది పళ్లెంలో నీళ్లు నిలవుంటే దోమలు గుడ్లు పెట్టవా?

పెడతాయి. పురుగులు తినే మొక్క పళ్లెంలోనే డెంగీ దోమ పుడితే అంతకన్నా తలవంపు ఉండదు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకని ఐదు రోజులకోసారి నీళ్లు పూర్తిగా పారబోసి, పళ్లెం రుద్ది, కొత్తవి పోయండి. సగం రోజు పళ్లెం ఖాళీగా ఉన్నా పీట్ తడి ఆరదు కాబట్టి మొక్కకి ఏమీ కాదు. నెపెంథిస్‌ని మాత్రం నీళ్లలో నిలబెట్టొద్దు, పై నుంచి పోసి కారనివ్వాలి.

ఇది పెంచితే ఇంట్లో దోమలు పోతాయా?

పోవు. ఫ్లైట్రాప్ సొంతూళ్లో ఎక్కువగా తినేది చీమల్ని, సాలీళ్లని. ఎగిరే పురుగులు దానికి దొరికేదే కొద్ది. పేరులో ఈగ ఉంది గానీ విస్తట్లో అంతగా ఉండదు. చిన్న దోమలు డ్రోసెరా జిగురుకి అంటుకుంటాయి, అదీ పది పరకా. దోమతెర తీసేయకండి.

పురుగులు ఎలా పెట్టాలి? ఎన్నాళ్లకోసారి?

బయట పెంచితే పెట్టక్కర్లేదు, తనే పట్టుకుంటుంది. లోపల పెంచితే మొక్కకి నెలకి ఒకటి రెండు నోళ్లకి పెడితే చాలు. పురుగు నోటి సైజులో మూడోవంతు మించకూడదు. కాళ్లు బయటికి వేలాడితే నోరు సరిగ్గా మూసుకోక, లోపల కుళ్లి, ఆకు నల్లబడుతుంది.

నోరు తెరిచి ఉన్నప్పుడు లోపల దగ్గరగా చూడండి. ఒక్కో రెక్క మీద మూడేసి సన్నటి వెంట్రుకలు నిలబడి ఉంటాయి. ఒకసారి తగిలితే ఏమీ జరగదు. ఇరవై సెకన్ల లోపు రెండోసారి తగిలితే సెకనులో పదోవంతులో మూసుకుంటుంది. వాన చుక్కకో ఎండుటాకుకో మోసపోకుండా పెట్టుకున్న లెక్క అది. మూసుకున్నాక లోపల పురుగు గింజుకుంటూ వెంట్రుకల్ని ఇంకో మూడుసార్లు తాకితేనే జీర్ణరసాలు ఊరడం మొదలవుతుంది. అందుకే చచ్చిన ఈగని పెడితే నోరు మూసుకుంటుంది గానీ మర్నాటికి తెరిచేస్తుంది. చచ్చినదే పెట్టాలంటే, మూసుకున్నాక నోటిని రెండు పక్కల నుంచి వేళ్లతో మెల్లగా అరనిమిషం నొక్కి వదులుతుండండి. ఐదు నుంచి పన్నెండు రోజుల తర్వాత తెరిస్తే లోపల పురుగు డొల్ల మిగులుతుంది. దాన్ని గాలి ఎగరగొడుతుంది, మీరు తీయక్కర్లేదు.

చికెన్, రొయ్య, పెరుగన్నం?

ఏదీ వద్దు. మాంసంలో కొవ్వు ఉంటుంది, నోరు దాన్ని అరిగించుకోలేక కుళ్లిపోతుంది. మన ఇళ్లలో రొయ్య తల ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది కాబట్టి అడిగేవాళ్లు ఎక్కువ. దాన్ని పులుసులోనే వేసుకోండి. అక్వేరియం షాపుల్లో దొరికే ఎండు బ్లడ్‌వార్మ్‌లు నానబెట్టి, ఆవగింజంత డ్రోసెరా ఆకు మీద పెట్టొచ్చు.

పిల్లలు వేలు పెట్టి మూయిస్తున్నారు. ప్రమాదమా?

వేలికి ఏమీ కాదు. మొక్కకే నష్టం. ఒక్కో నోరు జీవితంలో నాలుగైదుసార్లు మూసుకోగలదు, ఆ తర్వాత ఎండిపోతుంది. చుట్టాలొచ్చిన ఆదివారం ఒక్కరోజులో ఆ లెక్క తీరిపోతుంది.

నోళ్లు నల్లబడుతున్నాయి. చచ్చిపోతోందా?

నడిమి మొగ్గ చూడండి. మధ్యలోంచి పచ్చటి కొత్త ఆకు వస్తుంటే భయంలేదు. చుట్టూ ఉన్న పాతవి నల్లబడటం సహజం, కత్తెరతో మొదట్లోంచి కోసేయండి. మధ్య మొగ్గే నల్లగా, మెత్తగా ఉంటే మూడు కారణాల్లో ఒకటి: నీళ్ల ఉప్పు, వేడెక్కిన వేరు, గాలాడని పాత పీట్. వెంటనే కుండీలోంచి తీసి చూడండి. ఉల్లిపాయ అడుగులా తెల్లగా, గట్టిగా ఉండే దుంప కనిపించాలి. గోధుమరంగుకి తిరిగి, నొక్కితే నీరు కారే భాగాన్ని శుభ్రమైన బ్లేడుతో కోసేసి, మిగిలిన తెల్ల ముక్కని కొత్త పీట్‌లో నాటండి. తెల్ల భాగం కప్పబడి, మొగ్గ పైకి ఉండాలి.

మన వేడికి పీట్ తొందరగా కుళ్లుతుంది. ఏటా ఫిబ్రవరిలో మార్చండి.

చలికాలపు నిద్ర అంటే ఏంటి? ఫ్రిజ్‌లో నిజంగా పెట్టాలా?

పెట్టాలి. ఫ్లైట్రాప్‌కి, సర్రసేనియాకి (నిలువు గొట్టాల్లాంటి ఆకులుండే ఇంకో పురుగులు తినే మొక్క) ఏడాదిలో మూడు నెలల చలి కావాలి, సున్నా నుంచి పది డిగ్రీల మధ్య. మనకి సంక్రాంతి చలి అంటే రాత్రి 18, 20 డిగ్రీలు. అది మనకి దుప్పటి కప్పుకునే చలి, దానికి వసంతం. నిద్ర లేకుండా మొదటి ఏడాది బాగానే ఉంటుంది, రెండో ఏడు ఆకులు చిన్నవవుతాయి, ఆ తర్వాత ఒక ఎండాకాలం దాటలేదు. "రెండేళ్లు బాగా పెరిగి ఊరికే పోయింది" అనేవాళ్లది దాదాపు అందరిదీ ఇదే కథ.

పద్ధతి ఇది. నవంబరు మధ్య నుంచి పురుగులు పెట్టడం ఆపి, పళ్లెంలో నీళ్లు తగ్గించి, పీట్ చెమ్మగా మాత్రం ఉంచండి. డిసెంబరు మొదటి వారంలో మొక్కని తీసి, పీట్ అంతా కడిగేసి, నల్లబడినవి, పెద్ద నోళ్లు అన్నీ కోసేయండి. లీటరు నీళ్లలో ఒక గ్రాము కార్బెండజిమ్ అనే బూజు మందు కలిపి పది నిమిషాలు ముంచండి. రాగి కలిసిన మందులు ఈ మొక్కలకి పడవు. తర్వాత వేళ్ల చుట్టూ తడిపి గట్టిగా పిండిన పొడుగు పోగుల స్ఫాగ్నమ్ నాచు చుట్టి, జిప్ కవర్లో పెట్టి, ఫ్రిజ్ అడుగున కూరగాయల అరలో పెట్టండి. వెలుతురు అక్కర్లేదు. డీప్ ఫ్రిజ్‌లో మాత్రం కాదు. కవరు మీద పేరు పెద్దగా రాయండి. కొత్తిమీర కట్ట అనుకుని రసంలోకి వెళ్లే ప్రమాదం ఉంది.

పదిహేను రోజులకోసారి తెరిచి చూడండి. బూడిదరంగు బూజు కనిపిస్తే ఆ భాగం కోసి, మందు నీళ్లలో మళ్లీ ముంచి, కొత్త నాచులో చుట్టండి. ఫిబ్రవరి చివర్లో బయటికి తీసి నాటి, మొదటి వారం నీడలో, రెండో వారం ఉదయపు ఎండలో. అప్పటికే మన దగ్గర ఎండ ముదురుతుంది కాబట్టి ఈ రెండు వారాల జాగ్రత్త తప్పదు.

నెపెంథిస్‌ని, డ్రోసెరా బర్మానీని ఫ్రిజ్‌లో పెడితే చచ్చిపోతాయి.

నెపెంథిస్ ఆకులు బాగా వస్తున్నాయి, కూజాలు రావడం లేదు.

ఆకు కొసన తీగ, తీగ కొసన చిన్న మొగ్గ కనబడుతోందా? ఆ మొగ్గ ఎండిపోతుంటే గాలిలో తేమ చాలడం లేదు. మొగ్గే పెరగకపోతే వెలుతురు చాలడం లేదు. ఎరువు వేసి ఉంటే అదే కారణం. వేళ్ల నుంచి నత్రజని అందుతుంటే కూజా కట్టే శ్రమ ఎందుకు పడుతుంది?

వేప చెట్టు నీడలో, చిల్లుల ఎండ పడేచోట వేలాడదీయండి. చుట్టూ నాలుగు ఆకు మొక్కలుంటే తేమ నిలుస్తుంది. స్ఫాగ్నమ్ నాచు రెండు పాళ్లు, పెర్లైట్ ఒకటి, ఆర్కిడ్ బెరడు ముక్కలు ఒకటి కలిపి నాటండి. చోటు మారిస్తే పాత కూజాలు ఎండుతాయి, కొత్తవి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోపు మళ్లీ మళ్లీ చోటు మార్చడమే అందరూ చేసే తప్పు.

కూజాలో నీళ్లు ఒలికిపోయాయి.

పావు వంతు ఆర్వో నీళ్లు పోయండి. మామూలుగా ఉన్నదాన్ని మాత్రం పారబోయొద్దు, అది జీర్ణరసం. చీమలు వాటంతటవే లోపలికి వెళ్లి పడతాయి.

కొరియర్లో వచ్చేసరికి వాడిపోయింది.

వచ్చిన రోజే విప్పి, వేళ్లని ఆర్వో నీళ్లలో అరగంట ఉంచి నాటండి. పైన చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ కవరు కప్పి వారం నీడలో ఉంచి, కవరుని రోజుకి కాస్త కాస్త తెరుస్తూ పోండి. దారిలో నోళ్లన్నీ నల్లబడినా దుంప గట్టిగా ఉంటే మూడు వారాల్లో కొత్త ఆకు వస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా తెప్పించొద్దు, కొరియర్ వ్యాన్ లోపలి వేడికి ఏదీ మిగలదు. నవంబరు నుంచి జనవరి మంచి కాలం. తుపాను హెచ్చరిక ఉన్న వారం మాత్రం ఆగండి.

ఆన్‌లైన్లో వంద గింజలు యాభై రూపాయలకే ఇస్తున్నారు. కొనొచ్చా?

నీలం, ఊదా, ఇంద్రధనుస్సు రంగుల ఫ్లైట్రాప్ బొమ్మ పెట్టి అమ్మేవన్నీ మోసం. ఈ మొక్క పచ్చగానో ఎర్రగానో ఉంటుంది, అంతే. అసలు గింజలు నల్లగా నిగనిగలాడుతూ, చిన్న కన్నీటి చుక్క ఆకారంలో ఉంటాయి, పాతబడితే మొలవవు. మొలిచినా పెద్ద మొక్క కావడానికి మూడు నాలుగేళ్లు. టిష్యూకల్చర్ మొక్కే కొనుక్కోండి.

ఫ్లైట్రాప్‌కి పూకాడ వస్తోంది. ఉంచాలా?

మొదటి ఏడాది మొక్క అయితే కోసేయండి. పూత దాని బలమంతా లాగేస్తుంది, తర్వాత వచ్చే మన ఎండాకాలానికి ఏమీ మిగలదు. ఆకు పలచగా, పూకాడ గుండ్రంగా వస్తుంది, ఐదు సెంటీమీటర్ల ఎత్తులో ఉండగానే గుర్తుపట్టొచ్చు. కోసిన కాడని తడి పీట్‌లో గుచ్చితే కొన్నిసార్లు పిల్ల మొక్క వేస్తుంది.

పేనుబంక, పిండినల్లి పట్టాయి. సబ్బు నీళ్లు కొట్టొచ్చా?

వద్దు. సబ్బు నీళ్లు, వేపనూనె డ్రోసెరా జిగురుని కరిగించేస్తాయి. ఫ్లైట్రాప్‌కి పేనుబంక పడితే కుండీతో సహా ఆర్వో నీళ్లలో ఒక రోజంతా ముంచి ఉంచండి, పురుగులు ఊపిరాడక పోతాయి, మొక్కకి ఏమీ కాదు. పిండినల్లిని స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటే తీయండి. అయినా తగ్గకపోతే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు లీటరుకి 0.3 మిల్లీలీటర్లు, సాయంత్రం పూట. చీమల బారు కుండీ ఎక్కుతుంటే అవే పేనుబంకని మోసుకొస్తున్నట్టు. పళ్లెంలో నీళ్లుంటే ఆ దారి మూసుకుపోతుంది. ఉడతలు పీట్ తవ్వేస్తుంటే పైన కోళ్ల గూటి వల కట్టడమే మార్గం.

వాయుగుండం వానల్లో లోపలికి తేవాలా?

మామూలు వానలో బయటే ఉంచండి. ఏడాదంతా కుండీలో పేరుకున్న ఉప్పుని కడిగేసేది ఆ వానే. గాలి ముదిరితే, పీట్ కొట్టుకుపోయేంత ధారగా పడితే వరండాలోకి చేర్చండి. నెపెంథిస్ కూజాలు నిండి బరువుకి వంగితే సగం నీళ్లు వంపేయండి. సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లు, తుపాను గాలి తగ్గాక ఆకుల్ని ఒకసారి ఆర్వో నీళ్లతో కడగండి, గాలితో వచ్చిన ఉప్పు ఉంటుంది.

ఇలాంటి మొక్కలు మన చుట్టుపక్కల అడవిగా పెరుగుతాయా?

పెరుగుతాయి. మన రాష్ట్రంలో డ్రోసెరా బర్మానీ, డ్రోసెరా ఇండికా రెండూ ఉన్నాయి. వానల తర్వాత తడి ఆరని ఇసుక నేలల్లో, గడ్డి పలచగా ఉన్నచోట, నేలకి ముఖం ఆనించి చూస్తే గానీ కనిపించనంత చిన్నగా ఉంటాయి. చెరువుల్లో, వరిపొలాల నీళ్లలో పసుపు పూలతో తేలే యుట్రిక్యులేరియా కూడా పురుగులు తినే మొక్కే. నీళ్లలో దాని సన్నటి తీగల నిండా ఆవగింజంత తిత్తులుంటాయి, నీటి పురుగుని లోపలికి పీల్చేస్తాయి. వాటిని పీక్కురావొద్దు. వేరు కదిలితే డ్రోసెరా బతకదు. కాడ ఎండాక రెండు మూడు కాయలు కాగితం మీద దులిపితే ధూళిలాంటి గింజలు రాలతాయి. వాటిని పీట్, ఇసుక చెరిసగం కలిపిన తడి కుండీ మీద చల్లి, మట్టి కప్పకుండా వదిలేయండి. వెలుతురు తగిలితేనే మొలుస్తాయి.

మేఘాలయ కొండల నెపెంథిస్ ఖాసియానా మన దేశంలో సహజంగా పెరిగే ఒకే ఒక్క కూజా మొక్క, చట్టం రక్షణలో ఉంది. అడవి నుంచి తెచ్చామని ఎవరైనా గొప్పగా చెప్పి అమ్మితే కొనొద్దు. నర్సరీలో పెంచినదని బిల్లు ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకోండి.